పరాయి మైదానమున మనవాడు

ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరునకు చేరువగా, ఖమ్మము సరిహద్దును ఒరసికొని, మిరపయు ప్రత్తియు మామిడియు పండించుకొని బ్రదుకు గంపలగూడెము వంటి ప్రాంతమున, కొడుకో కూతురో మనుమడో సముద్రముల కావల నున్న కుటుంబము లేని వీధి నేడు అరుదు. ఇచ్చట నున్నంతకాలము ఆట చప్పగా సాగినచో టెలివిజను కట్టివేసి చెరువుగట్టునకు పోయిన కుర్రవాడే, మెల్బోర్నునకో, డాలసునకో, దోహాకో చేరిన రెండవ ఏట, వారము దినముల సంపాదన వెచ్చించి టిక్కెట్టు కొని, చెక్కిళ్లపై మూడు రంగులు పూసికొని, గొంతు బొంగురుపోవువరకు కేకలు వేయుట మనమెరుగుదుము. ఊరిలో లేని ఈ ఆవేశము పరదేశమున ఎచ్చటనుండి పుట్టినది? ఇది దేశభక్తియా, ఇంటిమీది బెంగయా, లేక గుంపులో చేరినవానికి సహజముగా కలుగు పూనకమా? ఈ విషయమున పండితులు చెప్పినది కొంత, చరిత్ర చూపినది కొంత, ప్రవాసులు తమలో తాము చెప్పుకొనునది కొంత కలదు. ఈ మూటిని ఒకచోట చేర్చి చూచినగాని ప్రశ్న యొక్క నిజస్వరూపము తెలియదు.

ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్, మాస్కో డైనమో ఫుట్‌బాలు జట్టు బ్రిటనునకు వచ్చి పోయిన పిదప, 1945లో వ్రాసిన వ్యాసమున, అంతర్జాతీయ క్రీడలు స్నేహమును పెంచకపోగా వైరమునకు ఎరువు వేయునని తీర్పు చెప్పెను. ట్రినిడాడువాడైన సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో వెలువరించిన 'బియాండ్ ఎ బౌండరీ'లో ఇందుకు వేరైన దారి పట్టి, వలసపాలన క్రింద అణగియున్న ప్రజకు క్రికెట్టు మైదానమే తన వ్యక్తిత్వమును చాటుకొను రంగస్థలమైనదని నిరూపించెను. ఆర్వెల్ కనులయెదుట నున్నది సొంతగడ్డపై ధీమాగా నిలిచిన ప్రేక్షకుడు. జేమ్స్ చూచినది సొంతగడ్డయందే పరాయివాడైన ప్రేక్షకుడు. మన ప్రవాసి ఈ ఇరువురికిని పూర్తిగా చిక్కడు. ఏలయన, అతడు చాలవరకు తన యిష్టముచేతనే ఇల్లు విడిచి, పరుల గడ్డపై పరుల నియమములకు లోబడి, అద్దె యింట నుండువాడు. నా తలపున, నిత్యము తన్ను గుర్తింపక ప్రక్కనుండి నడచిపోవు జనసమూహము, ఒక్క గడియసేపైనను, తనవానివంక కన్నార్పక చూడవలసివచ్చుటయే అతని గర్వమునకు మూలము. గెలుపోటములు ఆ పిమ్మటి మాట. కనుకనే ఆ గర్వము అన్ని దేశములలో ఒక్కతీరున నుండక, ఆయా దేశము అతనిని ఎట్లు చూచునో దానినిబట్టి పరిమాణమును రుచియు మార్చుకొనుచుండును.

స్వరాజ్యమునకు పూర్వము ఈ గర్వమునకు జెండా లేదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు తన సర్కసుతో లండనునకు పోయి, ఐదవ జార్జి సమక్షమున బలప్రదర్శనము కావించి 'ఇండియన్ హెర్క్యులెస్' అను బిరుదు నందెనని ప్రతీతి. భీముని పేరు చాలక గ్రీకు వీరుని పేరు కావలసివచ్చుట ఆ కాలపు లక్షణము. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారత జట్టు తన మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు నాయకుడుగా నడచినవాడు సి.కె. నాయుడు. నాగపూరున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో పుట్టిన ఈ మహానుభావుడు, చేతికి దెబ్బ తగిలియును, మొదటి ఇన్నింగ్సున 40 పరుగులు చేసి జట్టులోకెల్ల అధికుడయ్యెను. మ్యాచి 158 పరుగుల తేడాతో పోయినది. అయినను ఆ వేసవిలో ఇంగ్లండున చదువుకొనుచుండిన భారతీయ విద్యార్థికి, పాలకుల మైదానమున పాలితుడు నాయకుడుగా టాసునకు పోవు దృశ్యము, పరుగుల పట్టికకంటె మిన్నగా తోచియుండవలెను. మహారాష్ట్రపు గాలి పీల్చి పెరిగిన ఈ తెలుగువాడే, ఏబదియేడేండ్లు దాటిన పిదప, 1953-54లో రంజీ పోటీలలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టునకును నాయకత్వము వహించెనన్న సంగతి మనవారిలో చాలమందికి తెలియదు.

అదే ఇంగ్లండునకు 1936లో జట్టును తోడ్కొనిపోయిన విజయనగర మహారాజకుమారుని కథ వేరు. జట్టులోకెల్ల మేటియైన లాలా అమరనాథును తొలి టెస్టునకు ముందే ఓడ యెక్కించి ఇంటికి పంపి, ఆ పర్యటన ముగియకమునుపే తాను 'సర్' బిరుదము పుచ్చుకొనిన నాయకునియందు ఏ ప్రవాసికి గర్వము కలుగును? పరదేశమున మన పేరు వినబడినంతమాత్రమున తల ఎత్తుకొని తిరుగవచ్చునను భ్రమకు ఇది మంచి విరుగుడు. ఇక 1948 ఆగస్టు 12న వెంబ్లీలో, స్వతంత్రమై ఏడాదియైనను నిండని దేశపు హాకీ జట్టు, బ్రిటనును 4-0తో ఓడించిన ఘట్టమును ఎందరో వర్ణించియుండుటచే ఇచ్చట విస్తరింపను.

విస్తరింపదగినది దక్షిణాఫ్రికాలోని నేటాలు కథ. 1860 నవంబరు 16న 'ట్రూరో' అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను రేవునకు చేర్చిన ఒప్పందపు కూలీలలో తెలుగువారు పలువురుండిరి. చెరకుతోటలలో నడుము వంచిన ఆ తరమువారి సంతతి 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనినది. వారి పిల్లలకు క్రికెట్టును ఫుట్‌బాలును అబ్బినవి గాని, పుట్టిన దేశపు జట్టులో చోటు మాత్రము దక్కలేదు. నేటాలు భారతీయుడైన పాప్వా సెవ్‌గోలమ్, ఇతరుల గోల్ఫు కర్రలు మోయు పనినుండి మొదలిడి, 1963లో నేటాల్ ఓపెన్ పోటీని గెలిచెను. గెలిచియు, తెల్లవారు కూర్చుండు క్లబ్బు భవనములోనికి ప్రవేశము లేనందున, బయట వానలో తడియుచు బహుమానము పుచ్చుకొనెను. అట్టి దేశమున విదేశపు జట్టు వచ్చి ఆడినప్పుడు, వేరుగా కంచె కట్టిన తావున కూర్చున్న భారతీయులు వచ్చిన జట్టునకే జేజేలు పలుకుచుండిరి. పుట్టినగడ్డ ఓడిపోవలెనని కోరుకొనుట ద్రోహమని ఎవరైన అన్నచో, ఆ గడ్డ వారిని తనవారిగా ఎన్నడు ఎంచినదని తిరిగి అడుగవలెను. 1974లో అమృతరాజ్ సోదరులున్న భారత జట్టు డేవిస్ కప్పు టెన్నిసు అంతిమపోటీకి చేరియు, వర్ణవివక్ష పాటించు దక్షిణాఫ్రికాతో ఆడ నిరాకరించి కప్పును వదలుకొనినది. ఆడని ఆటవలన నేటాలు భారతీయునికి కలిగిన తృప్తి, ఆడి గెలిచిన ఆటలు పెక్కింటివలన కలిగియుండదు.

ఆ బహిష్కారము తొలగి, 1992 నవంబరు 13న డర్బనున భారత దక్షిణాఫ్రికాల నడుమ తొలి టెస్టు మొదలైనప్పుడు ప్రశ్న మరింత చిక్కుపడినది. ఒకవంక హైదరాబాదు బిడ్డ అజహరుద్దీను నాయకుడుగా తాతముత్తాతల దేశము, మరొకవంక, నలువదియేండ్ల వయస్సున తొలి టెస్టునకు దిగిన శ్వేతేతరుడు ఓమర్ హెన్రీతో కూడిన, మారుచున్న సొంత దేశము. నాలుగవ తరపు తెలుగువాడు ఎవరికి చప్పట్లు కొట్టవలెను? ఇరువురికిని కొట్టినచో తప్పు పట్టు అర్హత ఎవరికి కలదు?

శత్రుభావము కట్టలు తెంచుకొనిన చోట ఈ గర్వము ఎట్లుండునో 1962 జకార్తా ఆసియా క్రీడలు చూపినవి. ఇస్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు నిరాకరించినందున వీటిని ఆసియా క్రీడలనరాదని మన క్రీడాధికారి జి.డి. సోంధీ పట్టుపట్టగా, జకార్తా వీధులలో అల్లరి చెలరేగి, భారత రాయబార కార్యాలయముపై మూకలు విరుచుకుపడినవి. సెప్టెంబరు 4న ఫుట్‌బాలు అంతిమపోటీకి నిండిన మహాజనసమూహము, మన జనగణమనను సైతము వినబడనీయక గోల చేసినది. హైదరాబాదున బడిపంతులుగా జీవితము మొదలిడిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము, అప్పటికే రోగగ్రస్తుడైయుండియు, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును ముందు వరుసలో నిలిపి ఆడించెను, పి.కె. బెనర్జీయు జర్నైలును చెరియొక గోలు చేయగా దక్షిణ కొరియా 2-1తో ఓడినది. ఆ లక్షమంది మధ్య మనవారి పక్షమున కేకలు వేసినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని ఆ దినము ఆడినవారు పిదప చెప్పుకొనిరి. రహీము మరుసటి ఏడు జూను మాసమున క్యాన్సరుతో మరణించెను. ఫుట్‌బాలున ఆసియా స్వర్ణము మనకు మరల రాలేదు.

పాకిస్తాను పేరు వచ్చినది గనుక గల్ఫు సంగతి చెప్పవలెను. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి సీమలనుండి పోయిన మన కూలీలకు అచ్చటి పౌరసత్వము దాదాపు కలలో మాట. ఇరువదియేండ్లు కట్టడములు కట్టినను వీసా తీరిననాడు పెట్టె సర్దుకొనవలసినదే. అట్టివారికి షార్జా మైదానము ఒకప్పుడు శుక్రవారపు తీర్థము. 1986 ఏప్రిల్ 18న చేతన్ శర్మ వేసిన చివరి బంతిని పాకిస్తాను బ్యాటరు మియాందాద్ సిక్సరుగా మలచిన సాయంకాలమును, 1998 ఏప్రిల్ 24న టెండూల్కరు తన పుట్టినరోజున ఆస్ట్రేలియాపై శతకము కొట్టిన రాత్రిని తలచుకొను ముసలి మేస్త్రీలు నేటికిని జగిత్యాల వైపు కనబడుదురు. 2025 సెప్టెంబరు 28న దుబాయిలో పాకిస్తానుతో జరిగిన ఆసియా కప్పు అంతిమపోటీయందు, 147 పరుగుల లక్ష్యమునకు 20 పరుగులకే మూడు వికెట్లు పోయిన వేళ, హైదరాబాదునకు చెందిన ఎలక్ట్రీషియను కొడుకు తిలక్ వర్మ 69 పరుగులతో కడవరకు నిలిచి గెలిపించినప్పుడు, తీగలు లాగి బల్బులు బిగించు పని మీద అచ్చటనున్న తెలుగువాని మనస్సు ఎట్లు పొంగియుండునో చెప్పనక్కరలేదు. ఆ పోటీలలో మనవారు పాకిస్తానువారితో చేయి కలుపలేదు, కప్పును సైతము అందుకొనలేదు. దాని న్యాయాన్యాయములు వేరు చర్చ. నాకు తోచునది ఇంతే: ఇంట కూర్చుండి ఆ వైరమును రాజేయుట సులభము, మరునాటి ఉదయము పాకిస్తానీ సహోద్యోగితో ఒక్క బస్సున పనికి పోవలసినవాడు దానిని అంత సులభముగా పెంచుకొనలేడు. గల్ఫులో మన మేస్త్రీయు వారి మేస్త్రీయు పందెము కాచుకొని, ఓడినవాడు టీ పోయించుటతో ముగియు వైరమును ఆర్వెల్ చూచియుండలేదు.

ఆస్ట్రేలియాలో ఈ గర్వమునకు గాయమొకటి వెన్నంటియున్నది. 2009లో మెల్బోర్నున భారతీయ విద్యార్థులపై వరుసగా దాడులు జరిగినప్పుడు దెబ్బలు తిన్నవారిలో తెలుగు పిల్లలును ఉండిరి. ఆ నెలలలో మన జిల్లాలలో ఎన్ని ఇండ్లలో రాత్రి ఫోను మ్రోగిన గుండె జారెనో తల్లులకే తెలియును. 2021 జనవరిలో సిడ్నీ టెస్టునాడు జాతీయగీతము వినుచు మహమ్మద్ సిరాజు కన్నీరు పెట్టుట లోకము చూచినది. హైదరాబాదున ఆటో నడపి అతనిని పెంచిన తండ్రి అంతకు నెలన్నర ముందు మరణింపగా, క్వారంటైనులో చిక్కిన కొడుకు ఇంటికి రాక జట్టుతోనే నిలిచెను. అదే మ్యాచియందు గ్యాలరీనుండి కొందరు అతనిని దూషింపగా, అతడు అంపైరునకు చెప్పి ఆట ఆపించెను; ఆ ప్రేక్షకులను పోలీసులు బయటకు పంపిరి. మరునాడు కాకినాడలో పుట్టిన హనుమ విహారి, తొడకండరము చిట్లియు, 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయుడై ఓటమిని తప్పించెను. ఇరువదిమూడు పరుగులకు ఇంత పొగడ్తయా అని ఆట తెలియనివాడు నవ్వవచ్చును. కాని దూషణము విన్నను తొణకక, నొప్పి కలిగినను కదలక నిలుచుట అచ్చట రాత్రివేళ ట్యాక్సీ నడపుకొని పగలు చదువుకొను విద్యార్థికి తన దినచర్యయే; అతడు ఆ ఆటలో తన్ను తాను చూచుకొనెను.

2024 డిసెంబరు 28న మెల్బోర్ను మైదానమున విశాఖపట్టణపు కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి చేసిన తొలి టెస్టు శతకము ఈ కథకు శిఖరము. 191 పరుగులకు ఆరు వికెట్లు పడి ఫాలోఆన్ ముప్పు ముంచుకొచ్చిన వేళ ఎనిమిదవవాడుగా వచ్చి, ఏబది దాటగానే 'పుష్ప' చిత్రములో నాయకుడు గడ్డము క్రింద చేయి త్రిప్పినట్లు బ్యాటును త్రిప్పెను. ఆ సైగ అర్థము కామెంటరీ చెప్పు దొరలకు తెలియుటకు కొంత కాలము పట్టినది గాని, గ్యాలరీలోని మనవారికి వెంటనే తెలిసిపోయినది. అతడు 99 వద్దనుండగా అవతల బుమ్రా ఔటై, చివరివాడుగా సిరాజు వచ్చి మూడు బంతులు అడ్డుకొనిన ఆ నిమిషములలో, కొడుకు ఆటకై ఉద్యోగము వదలుకొనిన తండ్రి ముత్యాలరెడ్డి ప్రేక్షకుల నడుమ చేతులు జోడించి నిలుచుట, బంతి బౌండరీ దాటగానే వెక్కివెక్కి యేడ్చుట టెలివిజనులో అందరును చూచిరి.

ఆ నాడు గంపలగూడెమున ఒక యింట నేనును ఉంటిని. మిరపచేనికి నీరు కట్టి వచ్చిన ఇంటి యజమాని కాళ్ల బురద కడుగుకొనుచుండగా మెల్బోర్నునుండి కొడుకు వీడియో కాలు వచ్చినది; వెనుక ఆ మైదానపు హోరు తప్ప మాట వినబడదు.

"గెలిచామేంట్రా?" అని తండ్రి.

"గెలవడం ఎక్కడ నాన్నా, ఇంకా వందకి పైన వెనకాలే ఉన్నాం. మనోడు సెంచరీ కొట్టాడు! మా ఆఫీసులో తెల్లోడు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, చూడు, చూడు..."

ఫోను త్రిప్పి చూపగా, ఎండకు కందిన ముఖముగల ఒక దొర నవ్వుచు చేయి ఊపెను. తండ్రి తడిచేతితోనే నమస్కారము పెట్టెను. రెండు దినములకు ఆ మ్యాచిని మనము 184 పరుగుల తేడాతో ఓడితిమి; 3,73,691 మంది చూచిన టెస్టుగా అది ఆ మైదానపు రికార్డులకెక్కినది. ఆ కొడుకు ఆ ఓటమిని గూర్చి మరల ఫోను చేయలేదని విన్నాను.

ఇచ్చట ఒక చేదు నిజము చెప్పక తప్పదు. ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి, ఆ ఒలింపిక్సున దేశమునకు దక్కిన ఒకే ఒక పతకమును సాధించినప్పుడు, మనకు ఆమె ఆంధ్రదేశపు ఆడబిడ్డ. పదునారేండ్లకు పి.వి. సింధు రియోలో వెండిపతకము గెలువగా, రెండుగా విడిన తెలుగు రాష్ట్రములు 5 కోట్లని ఒకరు, 3 కోట్లని మరొకరు పోటీపడి బహుమతులు ప్రకటించినవి. అదే సమయమున ఆమె కులమేదని ఇంటర్నెటులో వెదకినవారు అందరికంటె ఎక్కువగా ఈ రెండు రాష్ట్రములవారేయని పత్రికలు వ్రాయగా తలవంపులైనది. ప్రవాసమునకు పోవునప్పుడు ఆవకాయ జాడీతోపాటు ఈ వ్యాధియు పెట్టెలో చేరుచున్నది. 1977లో న్యూయార్కున అమెరికా తెలుగువారు తొలి మహాసభ జరిపిన నాటి ఐక్యత నేడు లేదు. సంఘములు చీలినవి, చీలుచున్నవి. అయినను వారాంతపు క్రికెట్టు పోటీలలోను, వాలీబాలు నెట్టు చెంతను ఈ చీలికలు కొంత మరుగుపడునని అచ్చటివారు చెప్పగా విని సంతోషించితిని. పూర్తిగా మాయమగునని వారును చెప్పలేదు.

అన్ని ఆటలకును ఒకేపాటి హోరు లేదు. నితీశ్ శతకము చేసిన తేదీననే, న్యూయార్కు వాల్‌స్ట్రీటున గుడివాడ బిడ్డ కోనేరు హంపి రెండవసారి ప్రపంచ ర్యాపిడ్ చదరంగ కిరీటము గెలిచినది. న్యూజెర్సీలో అంతమంది తెలుగువారుండియు బుగ్గలకు రంగులు పూసికొని పరుగెత్తినవారిని గూర్చి మనము వినలేదు. ప్రతిభలో హంపి ఎవరికిని తీసిపోదు. కాని చదరంగమునకు పరాయి జనసమూహము లేదు, సాక్షులు లేనిచోట ప్రవాసి గర్వము ఫోనులో ఒక సందేశముగా ముగియును.

అమెరికా తెలుగువారి స్థితి తక్కినవారికంటె వేరు. అచ్చట మొదటితరము ఇంకను గ్రీన్‌కార్డునకై నిరీక్షించుచుండగా, రెండవతరము పుట్టుకచేతనే పౌరులు. బ్రిటనులో నార్మన్ టెబిట్ అను కన్సర్వేటివు నాయకుడు 1990లో, వలసవచ్చినవారు ఏ దేశపు క్రికెట్టు జట్టునకు జేకొట్టుదురో చూచి వారి విధేయతను కొలువవచ్చునని ఒక పరీక్ష ప్రతిపాదించెను. ఆ పరీక్ష 2024 జూను 12న న్యూయార్కున నవ్వులపాలైనది: ముంబాయిలో పుట్టి అమెరికాలో ఇంజనీరుగా పనిచేయుచు ఆ దేశపు జట్టున ఆడిన నేత్రావల్కరు, భారత జట్టు ఆటగాడు విరాట్ కోహ్లీని మొదటి బంతికే ఔటు చేసినప్పుడు, నీలిచొక్కాలు తొడుగుకొనిన ప్రేక్షకులు ఏడువవలెనా, నవ్వవలెనా? 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన అండర్-19 బాలికల ప్రపంచకప్పున అమెరికా జట్టునకు నాయకురాలు గీతిక కొడాలి. ఆ పోటీలలోనే గెలిచిన భారత జట్టులో భద్రాచలపు గొంగడి త్రిష. రెండేండ్లకు, తెలుగువారు తరములుగా కొబ్బరి, రబ్బరు తోటలలో శ్రమించిన మలేషియాలో, త్రిష ఆ కప్పున తొలి శతకము చేసి, అంతిమపోటీయందు మూడు వికెట్లు తీసి, పోటీలన్నింటికి ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచినది. ఇక నెల్లూరు మూలములుగల నిశేష్ బసవరెడ్డి, పందొమ్మిదేండ్ల వయస్సున, 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెనున జొకోవిచ్‌నుండి మొదటి సెట్టు గెలిచికొనినప్పుడు అతని పేరిట ఉన్నది అమెరికా జెండా. నెల్లూరు పొంగిపోవుటకు అది అడ్డు రాలేదు. ఈ మూడు పేర్లను టెబిట్ పరీక్షకు కూర్చుండబెట్టినచో ప్రశ్నాపత్రమే చిరిగిపోవును.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సున, 1900 తరువాత మొదటిసారిగా, క్రికెట్టు తిరిగి ప్రవేశించుచున్నది. పురుషులకును స్త్రీలకును ఆరేసి జట్లు. అమెరికా చొక్కా తొడుగుకొను బాలికలలో తెలుగు ఇంటిపేర్లుండుట ఇప్పటికే సామాన్యమైనది గనుక, ఆ పేర్లలో ఒకటి మన తిరువూరు తాలూకాది కావచ్చును, కాకపోవచ్చును. అయిననాడు ఇంతవరకు ప్రవాసులను అడిగిన ప్రశ్నను గంపలగూడెమువారినే అడుగవలసియుండును: మనుమరాలు నీలిచొక్కాపై బంతి వేయునప్పుడు ఈ యింటి తాతయ్య ఏమి కోరుకొనును? ఆమెకు వికెట్టు దక్కవలెననియు, మ్యాచి మాత్రము మనకే రావలెననియు కోరుకొనునని నా నమ్మకము. అతని కోరిక తప్పని వాదించు పండితుడు ముందుగా నేటాలు ప్రేక్షకునికి సమాధానము చెప్పి రావలెను.